బ్రేక్ లీవర్ మెత్తబడిందా? ఇంట్లోనే ఆయిల్ మార్చడం, గాలి తీయడం, కొత్త పైపు వేయడం ఇలా

బుద్వేల్ నుంచి శంషాబాద్ ఎయిర్‌పోర్టుకు డ్యూటీకి పోయేవాళ్లకు ఈ దారి కొత్త కాదు. ఆరాంఘర్ చౌరస్తా దాటితే గగన్‌పహాడ్, తర్వాత సాతంరాయి, ఆ తర్వాత శంషాబాద్. ఔటర్ రింగ్ రోడ్డు మీదికి టూవీలర్లను రానివ్వరు. కాబట్టి బైకులన్నీ 44వ నంబర్ జాతీయ రహదారి మీదో, సర్వీస్ రోడ్ల మీదో లారీలు, బస్సులు, క్యాబుల మధ్యనే పోవాలి. రాత్రి షిఫ్టుకు పోయే పిల్లలు ఇంటికి క్షేమంగా తిరిగొచ్చారా లేదా అని అమ్మీలు ఫోన్ పట్టుకుని కూర్చునే దారి ఇది.

మా ఇంట్లో ఈ బ్రేక్ సంగతి అనుభవం మీదే తెలిసింది. పోయిన వానాకాలంలో మా తమ్ముడు అమ్మీని వెనక కూర్చోబెట్టుకుని ఆస్పత్రికి బయల్దేరాడు. ఆరాంఘర్ దగ్గర ముందున్న బస్సు ఒక్కసారిగా ఆగింది. తమ్ముడు ముందు బ్రేక్ పట్టాడు. లీవర్ గ్రిప్ దాకా వచ్చేసింది, బండి మాత్రం ఆగలేదు. రెండోసారి, మూడోసారి పిసికితే గానీ పట్టలేదు. వెనక బ్రేక్ కూడా తొక్కి బస్సుకు మూరెడు దూరంలో ఎలాగో ఆపాడు. ఎవరికీ ఏమీ కాలేదు. కానీ అమ్మీ ఆ రోజు ఆటోలో ఇంటికొచ్చింది.

దగ్గర్లో ఒక మెకానిక్‌కు చూపిస్తే "స్టీల్ పైపు వేయించు, బ్రేక్ రాయిలా అవుతుంది" అన్నాడు. పైపు కొనే ముందు ఎందుకో ఆయిల్ డబ్బా మూత తీసి చూశాం. లోపల ఆయిల్ టీ డికాషన్ రంగులో ఉంది. తొమ్మిదేళ్ల నాటి 150 సీసీ బండి. ఆయిల్ చివరిసారి ఎప్పుడు మార్చామో ఇంట్లో ఎవరికీ గుర్తు లేదు.

ఇంజిన్ ఆయిల్ నెల లెక్క పెట్టి మారుస్తాం. బ్రేక్ ఆయిల్‌ను ఏళ్ల తరబడి మరిచిపోతాం. లీవర్ మెత్తబడితే ముందు చూడాల్సింది ఆయిల్, తర్వాత అందులో గాలి, ఆ తర్వాతే పైపు. ఈ వరుస తెలిస్తే డబ్బూ మిగులుతుంది, ప్రాణమూ నిలుస్తుంది.

లీవర్ పిసికితే లోపల ఏం జరుగుతుంది?

డిస్క్ బ్రేకులో తాడు ఉండదు, ఆయిల్ ఉంటుంది. లీవర్ దగ్గర ఉండే చిన్న డబ్బా, దాని కింది పంపు కలిపి మాస్టర్ సిలిండర్. అక్కడి నుంచి ఒక పైపు చక్రం దగ్గరి కాలిపర్‌కు పోతుంది. లీవర్ పిసికినప్పుడు మాస్టర్ సిలిండర్‌లోని చిన్న పిస్టన్ ఆయిల్‌ను నెడుతుంది. ఆ ఒత్తిడి పైపు గుండా పోయి కాలిపర్‌లోని పెద్ద పిస్టన్‌ను నెడుతుంది. ఆ పిస్టన్ ప్యాడ్‌ను డిస్క్ ప్లేటుకు అదుముతుంది. బండి ఆగుతుంది.

స్కూల్లో చదివిన పాస్కల్ నియమమే ఇది. మూసి ఉన్న ద్రవంలో ఒకచోట ఒత్తిడి పెడితే అన్ని వైపులకూ అంతే ఒత్తిడి పోతుంది. ఒక లెక్క చూద్దాం. మాస్టర్ సిలిండర్ పిస్టన్ అడ్డుకొలత 13 మిల్లీమీటర్లు, కాలిపర్ పిస్టన్ 30 మిల్లీమీటర్లు అనుకుంటే, వైశాల్యం అయిదు రెట్లకు పైగా పెరుగుతుంది. కాబట్టి బలం కూడా అయిదు రెట్లు దాటుతుంది. లీవర్ పొడవు వల్ల వచ్చే లాభం దీనికి అదనం. రెండు వేళ్లతో పట్టినా ఇద్దరు కూర్చున్న బండి ఆగడానికి కారణం ఇదే.

ఇదంతా ఒక్క విషయం మీద ఆధారపడి ఉంది. ద్రవం నొక్కితే కుంచించుకుపోదు. గాలి మాత్రం కుంచించుకుపోతుంది. ఆయిల్‌లో చిన్న గాలి బుడగ చేరినా మీ చేతి బలం ముందు ఆ బుడగను నలపడానికే పోతుంది, ప్యాడ్ దాకా చేరదు. లీవర్ స్పాంజిలా మెత్తగా అనిపించడం అందుకే.

గంటకు 60 కిలోమీటర్ల వేగంలో బండి సెకనుకు దాదాపు 17 మీటర్లు పోతుంది. మెత్తటి లీవర్‌ను రెండోసారి పిసకడానికి అర సెకను పట్టినా 8 మీటర్లు, అంటే రెండు కార్ల పొడవు అదనంగా పోయినట్టే.

ఆయిల్ ఎందుకు పాడవుతుంది?

పేరుకు ఆయిలే గానీ ఇది నూనె కాదు. మన బండ్లలో వాడే డాట్ 3, డాట్ 4 ద్రవాలు గ్లైకాల్ జాతివి. వీటికి గాలిలోని తేమను పీల్చుకునే గుణం ఉంది. రబ్బరు పైపు గుండా, మూత సందుల్లోంచి కొంచెం కొంచెంగా నీరు లోపలికి చేరుతుంది. బండి నడిపినా చేరుతుంది, నిలబెట్టినా చేరుతుంది. దుబాయ్ నుంచో, సౌదీ నుంచో రెండేళ్లకు సెలవు మీద వచ్చిన భాయ్ గోడ పక్కన పెట్టిన బండి తుడిచి, బ్యాటరీ మార్చి రోడ్డెక్కుతాడు. బ్రేక్ ఆయిల్ సంగతి గుర్తుకు రాదు. ఆ బండి తిరక్కపోయినా ఆయిల్ మాత్రం పాతబడింది.

నీరు చేరితే నష్టం ఏమిటి? కొత్త డాట్ 3 ద్రవం కనీసం 205 డిగ్రీల సెల్సియస్ దాకా మరగకూడదు. డాట్ 4 అయితే 230 డిగ్రీలు. వీటిలో 3.7 శాతం నీరు చేరితే ఆ కనీస హద్దు డాట్ 3కి 140కి, డాట్ 4కి 155కి పడిపోతుంది. శ్రీశైలం ఘాట్ దిగుతూ పొడుగునా బ్రేక్ పట్టుకునే ఉన్నారనుకోండి, లేదా సిటీ ట్రాఫిక్‌లో కాలు బ్రేక్ పెడల్ మీదే పెట్టి నడుపుతున్నారనుకోండి, కాలిపర్ బాగా వేడెక్కుతుంది. ఆయిల్‌లోని నీరు ఆవిరి అవుతుంది. ఆవిరి కూడా గాలి లాంటిదే, నొక్కితే నలుగుతుంది. అప్పటిదాకా బాగున్న లీవర్ హఠాత్తుగా గ్రిప్‌కు వచ్చేస్తుంది. కాసేపు ఆగితే చల్లారి మళ్లీ మామూలవుతుంది. "అప్పుడప్పుడు పట్టదు, మళ్లీ బాగానే ఉంటుంది" అనే బండ్ల జబ్బు చాలాసార్లు ఇదే.

నీరు ఇంకో పని కూడా చేస్తుంది. లోపలి ఇనుప, అల్యూమినియం భాగాలను తినేస్తుంది. 2020 అక్టోబర్ వానలకు గగన్‌పహాడ్ దగ్గర అప్ప చెరువు తెగి హైవే మీదికి నీళ్లు వచ్చిన సంగతి మన ప్రాంతం మరిచిపోలేదు. అలాంటి వరదలో హ్యాండిల్ దాకా మునిగిన బండికి ఇంజిన్ ఆయిల్‌తో పాటు బ్రేక్ ఆయిల్ కూడా మార్చి తీరాలి.

సాధారణంగా బ్రేక్ ఆయిల్ రెండేళ్లకోసారి మార్చాలి. రబ్బరు పైపును నాలుగేళ్లకు మార్చమని చెప్పే కంపెనీలు కూడా ఉన్నాయి. మీ బండి మాన్యువల్‌లో ఏముందో అదే ప్రమాణం.

ఏ డాట్ పోయాలి?

మాస్టర్ సిలిండర్ మూత మీద రాసే ఉంటుంది. డాట్ 4 అని ఉంటే డాట్ 4 పోయండి. డాట్ 3, డాట్ 4, డాట్ 5.1 మూడూ గ్లైకాల్ జాతివే. డాట్ 5 మాత్రం వేరు, అది సిలికాన్. సాధారణంగా ఊదా రంగులో ఉంటుంది. దాన్ని మిగతా వాటితో కలపకూడదు. 5, 5.1 పేర్లు దగ్గరగా ఉన్నాయని దుకాణంలో తికమక పడకండి.

ఇంజిన్ ఆయిల్, ఫోర్క్ ఆయిల్, కొబ్బరి నూనె లాంటివి ఒక్క చుక్క కూడా పోయకూడదు. లోపలి రబ్బరు సీళ్లు ఉబ్బి మొత్తం సిస్టమ్ పాడవుతుంది. సీల్ తీసి నెలల తరబడి ఉంచిన సీసాలోని ఆయిల్ కూడా వద్దు, అది అప్పటికే తేమ తాగి ఉంటుంది. చిన్న సీసా కొనండి, మిగిలితే దాచుకోకండి.

లీవర్‌ను చూసి జబ్బు గుర్తుపట్టండి

పానా పట్టే ముందు ఈ నాలుగూ చూడండి.

లీవర్ మెత్తగా ఉండి, గబగబా నాలుగుసార్లు పిసికితే గట్టిపడితే: ఆయిల్‌లో గాలి చేరి ఉండొచ్చు. గాలి తీస్తే చాలావరకు సరిపోతుంది.

లీవర్ గట్టిగా పట్టుకుని ఉంచితే మెల్లగా లోపలికి జారిపోతుంటే: మాస్టర్ సిలిండర్ సీల్ పోయింది, లేదా ఎక్కడో కారుతోంది. ఎంత గాలి తీసినా ఇది తగ్గదు. కిట్ మార్చాలి. ఆ బండిని నడపకండి.

లీవర్ గట్టిగానే ఉంది కానీ బండి ఆగడం లేదంటే: ప్యాడ్లు అరిగిపోయాయి, లేదా వాటికి నూనె అంటింది. పైపు మార్చినా లాభం లేదు.

డబ్బాలో ఆయిల్ మట్టం తగ్గితే: ప్యాడ్లు అరిగినకొద్దీ మట్టం కొంచెం దిగడం సహజం. ఉన్నట్టుండి తగ్గితే మాత్రం లీకేజీ. పైపు చివర్లలో, కాలిపర్ చుట్టూ తడి ఉందేమో చూడండి. ఆయిల్ పోసి ఊరుకుంటే జబ్బు దాచినట్టే.

స్టీల్ పైపు వేస్తే నిజంగా లాభమేంటి?

కంపెనీ నుంచి వచ్చేది ఎక్కువగా రబ్బరు పైపు. లోపల నూలు అల్లిక ఉంటుంది. కొత్తగా ఉన్నప్పుడు బాగానే పనిచేస్తుంది. ఏళ్లు గడిచేకొద్దీ ఎండకు, వేడికి రబ్బరు పగుళ్లిచ్చి, ఒత్తిడి పడినప్పుడు కొద్దిగా ఉబ్బుతుంది. అలా ఉబ్బినంత మేర మీ చేతి బలం వృథా.

స్టీల్ పైపు అంటే లోపల టెఫ్లాన్ జాతి గొట్టం, దాని మీద సన్నటి స్టెయిన్‌లెస్ స్టీల్ తీగల అల్లిక. ఒత్తిడికి దాదాపు ఉబ్బదు. లీవర్ గట్టిగా, స్పష్టంగా అనిపిస్తుంది. ఎంత పిసికితే ఎంత పడుతోందో వేలికి తెలుస్తుంది.

కానీ ఒక మాట నిజాయితీగా చెప్పుకోవాలి. స్టీల్ పైపు వల్ల బ్రేక్ బలం పెరగదు. బండి ఎంత దూరంలో ఆగుతుందనేది చివరికి టైరు పట్టు, ప్యాడ్లు, మీ చేయి తేలుస్తాయి. అరిగిన టైరుతో, అరిగిన ప్యాడ్లతో తిరుగుతూ వేల రూపాయలు పెట్టి మెరిసే పైపు వేస్తే చూడ్డానికే. రబ్బరు పైపు పగిలిందా, మార్చే టైమ్ వచ్చిందా, అప్పుడు స్టీల్ వేయడం మంచి ఆలోచన. బాగున్న రబ్బరు పైపును తీసేయాల్సిన తొందరేమీ లేదు. మా తమ్ముడి బండికి ఆయిల్ మార్చి గాలి తీయగానే లీవర్ సగానికి పైగా బాగైంది. పైపు వంచి చూస్తే సన్నటి పగుళ్లు కనిపించాయి కాబట్టి వారం తర్వాత అదీ మార్చాం.

కొనేటప్పుడు మీ బండి మోడల్‌కు సరిపోయే పైపే అడగండి. పుత్లీబౌలి, జాంబాగ్ వైపు టూవీలర్ స్పేర్ దుకాణాల్లో పాత పైపు చూపించి కొనుక్కోవడం అన్నిటికన్నా మేలు. చివర్ల కోణం, పొడవు రెండూ కలవాలి. పైపు మీద తయారీదారు పేరు, ప్రమాణం గుర్తు లేకపోతే ఎంత చవకైనా వదిలేయండి.

ఇంట్లో చేయకూడని బండ్లు

125 సీసీ దాటిన కొత్త బండ్లన్నిటికీ 2019 ఏప్రిల్ నుంచి మన దేశంలో ఏబీఎస్ తప్పనిసరి. మీ బండికి ఏబీఎస్ ఉంటే పైపు మార్చే పని ఇంట్లో పెట్టుకోకండి. ఏబీఎస్ యూనిట్‌లోకి గాలి పోతే దాన్ని బయటకు తేవడానికి సర్వీస్ సెంటర్‌లోని కంప్యూటర్ పరికరం కావాల్సి రావచ్చు. 125 సీసీ, అంతకన్నా తక్కువ బండ్లలో చాలావాటికి సీబీఎస్ ఉంటుంది, అంటే ఒక బ్రేక్ పడితే రెండోదీ కొంత పడుతుంది. కొన్నిట్లో అది తీగతో, కొన్నిట్లో ఆయిల్‌తో నడుస్తుంది. ఆయిల్‌తో నడిచేదైతే గాలి తీసే వరుస వేరు, మాన్యువల్ చూడకుండా మొదలుపెట్టొద్దు. రెండు చక్రాలకూ డ్రమ్ బ్రేకులున్న స్కూటర్లకు ఈ ఆయిలే ఉండదు.

కాబట్టి కింద చెప్పేది ముఖ్యంగా ముందు డిస్క్ ఉన్న, ఏబీఎస్ లేని బండ్లకు. మొదటిసారి అయితే పని తెలిసిన ఉస్తాద్‌ను పక్కన కూర్చోబెట్టుకుని చేయండి. సిగ్గుపడాల్సిన పని కాదు ఇది.

కావాల్సినవి

మూత స్క్రూలకు సరిగ్గా పట్టే స్క్రూడ్రైవర్, బ్లీడర్ నిపుల్‌కు రింగ్ పానా (చాలా బండ్లకు 8 నంబర్), నిపుల్ మీద బిగుతుగా కూర్చునే మీటరు పొడవు పారదర్శక గొట్టం, చిన్న గాజు సీసా, సూది లేని పెద్ద సిరంజి, కొత్త బ్రేక్ ఆయిల్, పాత గుడ్డలు, ఒక బకెట్ నీళ్లు, చేతి గ్లవ్స్. పైపు కూడా మారుస్తుంటే బాంజో బోల్టుకు సరిపోయే సాకెట్, కొత్త రాగి వాషర్లు, వీలైతే టార్క్ పానా.

బ్రేక్ ఆయిల్ పెయింటును తినేస్తుంది. ట్యాంకు మీద, మడ్‌గార్డ్ మీద తడి గుడ్డ కప్పండి. చుక్క పడితే తుడవడం కాదు, వెంటనే నీళ్లు పోసి కడగండి. చిన్నపిల్లలను దగ్గరికి రానివ్వకండి. ఆయిల్‌ను కూల్‌డ్రింక్ సీసాల్లో అస్సలు పోయకండి.

ఆయిల్ మార్చి గాలి తీయడం

1. బండి సెంటర్ స్టాండ్ వేసి, హ్యాండిల్ తిప్పి ఆయిల్ డబ్బా సమంగా ఉండేలా చూడండి. మూత చుట్టూ దుమ్ము ముందే తుడవండి. స్క్రూలు మెత్తటివి, గట్టిగా అదిమి తిప్పకపోతే తలలు చెడిపోతాయి.

2. మూత, కింది రబ్బరు పొర తీసి, సిరంజితో పాత ఆయిల్‌ను లాగేయండి. అడుగున ఉన్న చిన్న రంధ్రాలు మాత్రం బయటపడకుండా కొంచెం ఉంచండి. కొత్త ఆయిల్ పై గీత దాకా పోయండి.

3. కాలిపర్ మీద బ్లీడర్ నిపుల్ రబ్బరు టోపీ తీయండి. ముందు రింగ్ పానా పెట్టి, ఆ తర్వాత గొట్టం తొడగండి. గొట్టం రెండో చివర సీసాలో కొంచెం కొత్త ఆయిల్‌లో మునిగి ఉండాలి. అప్పుడు గాలి వెనక్కి రాదు.

4. ఒకరు లీవర్ దగ్గర, ఒకరు నిపుల్ దగ్గర ఉంటే సులువు. లీవర్ మెల్లగా పిసికి పట్టుకోండి. నిపుల్‌ను పావు చుట్టు వదులు చేయండి. లీవర్ గ్రిప్ దాకా వస్తుంది, సీసాలోకి పాత ఆయిల్ పోతుంది. లీవర్ అలాగే పట్టుకుని ఉండగానే నిపుల్ బిగించండి. ఆ తర్వాతే లీవర్ వదలండి. పట్టు, తెరువు, మూయి, వదులు. ఈ వరుస తప్పితే గాలి వెనక్కి పీలుస్తుంది.

5. ప్రతి నాలుగైదు సార్లకు డబ్బాలో మట్టం చూసి కొత్త ఆయిల్ పోస్తుండండి. డబ్బా ఖాళీ అయితే పైనుంచి గాలి పోయి కథ మళ్లీ మొదటికి వస్తుంది. అందరూ చేసే తప్పు ఇదే.

6. గొట్టంలో నల్లటి ఆయిల్ పోయి లేత రంగు వచ్చేదాకా, బుడగలు ఆగేదాకా చేయండి. పైపును కిందినుంచి పైకి వేలితో తడుతుంటే అంటుకున్న బుడగలు కదులుతాయి.

7. నిపుల్ బిగించండి. ఇది చిన్నది, బోలుది. బలమంతా పెడితే విరుగుతుంది. టార్క్ పానాతో అయితే చాలా బండ్లకు 6 న్యూటన్ మీటర్ల చుట్టుపక్కల. రబ్బరు టోపీ పెట్టండి. డబ్బాలో పై గీతను మించి పోయకండి. వేడికి ఆయిల్ వ్యాకోచించడానికి చోటుండాలి. రబ్బరు పొర మడతలు సర్ది మూత బిగించండి.

ఇంకా కొంచెం మెత్తగా ఉంటే లీవర్‌ను గ్రిప్‌కు అదిమి గుడ్డతో కట్టి రాత్రంతా వదిలేయండి. చిన్న బుడగలు మెల్లగా పైకి చేరతాయి. పొద్దున్నే విప్పి ఇంకోసారి గాలి తీస్తే చాలాసార్లు సరిపోతుంది.

పైపు మార్చాలంటే

ముందుగా పాత పైపు ఏ దారిన పోతోందో ఫోన్‌లో ఫొటో తీసుకోండి. డబ్బాలోని ఆయిల్ తీసేసి, రెండు చివరలా బాంజో బోల్టులు విప్పండి. కింద గుడ్డ పెట్టండి. ప్యాడ్ల మీద, డిస్క్ మీద చుక్క కూడా పడకూడదు.

కొత్త పైపు పెట్టేటప్పుడు ప్రతి బోల్టుకూ రెండు వాషర్లు, బాంజోకు అటొకటి ఇటొకటి. మొత్తం నాలుగు. ఇవి బోల్టు బిగిస్తే నలిగి సందు మూసే వాషర్లు. ఒకసారి నలిగినవి మళ్లీ సరిగ్గా నలగవు. పది రూపాయల వాషర్ ఆదా చేసి లీకేజీ తెచ్చుకోకండి. టార్క్ మాన్యువల్‌లో చూడండి. చాలా బండ్లకు 20 నుంచి 35 న్యూటన్ మీటర్ల మధ్య ఉంటుంది. కండబలంతో బిగిస్తే అల్యూమినియం మరలు చెడతాయి.

బిగించే ముందు హ్యాండిల్ పూర్తిగా ఎడమకు, పూర్తిగా కుడికి తిప్పి చూడండి. ముందు చక్రం గాలిలో ఉన్నప్పుడూ పైపు బిగుసుకోకూడదు, ఫోర్కు అణిగినప్పుడు టైరుకు తగలకూడదు. స్టీల్ అల్లిక రంపంలా అరగదీస్తుంది, రాసుకునే చోట ప్లాస్టిక్ తొడుగు వేయండి.

ఖాళీ పైపు కాబట్టి ఈసారి గాలి తీయడానికి ఎక్కువ సేపు పడుతుంది. లీవర్‌లో ఒత్తిడే రాకపోతే కంగారు పడకండి. సిరంజిలో కొత్త ఆయిల్ నింపి, బుడగలు లేకుండా చూసి, కింది నిపుల్ నుంచి మెల్లగా పైకి నెట్టండి. గాలి సహజంగా పైకే పోతుంది కాబట్టి డబ్బాలో బుడగలై బయటకొస్తుంది. పైన డబ్బా పొంగకుండా ఒకరు చూస్తుండాలి. ఆ తర్వాత పైన చెప్పిన వరుసలో మామూలుగా గాలి తీయండి.

రోడ్డెక్కే ముందు పరీక్ష

లీవర్ గట్టిగా పట్టుకుని రెండు నిమిషాలు అలాగే ఉండండి. జారకూడదు. బాంజోలు, నిపుల్ చుట్టూ తెల్ల కాగితం అద్ది చూడండి, తడి కనిపించకూడదు. చక్రం తిప్పితే బ్రేక్ వదిలినప్పుడు స్వేచ్ఛగా తిరగాలి. తర్వాత గల్లీలోనే, ఎవరూ లేని చోట, నడిచే వేగంలో పది సార్లు ఆపి చూడండి. వెనక ఎవరినీ ఎక్కించుకోకండి. మర్నాడు పొద్దున మళ్లీ లీవర్, మట్టం, లీకేజీ చూడండి. ఇవన్నీ బాగుంటేనే హైవే.

ఏ ఒక్కటి తేడాగా ఉన్నా బండి తోసుకుంటూ అయినా సరే మెకానిక్ దగ్గరికి తీసుకెళ్లండి. బ్రేక్ పనిలో "ప్రస్తుతానికి నడుస్తుందిలే" అనే మాట ఉండకూడదు.

ఒకవేళ రోడ్డు మీదే లీవర్ గ్రిప్‌కు వచ్చేస్తే? గబగబా మూడు నాలుగుసార్లు పిసకండి, ఒత్తిడి కొంత పుంజుకోవచ్చు. అదే సమయంలో వెనక బ్రేక్ వేయండి, గేర్లు ఒక్కొక్కటిగా తగ్గించండి, క్లచ్ పట్టుకుని ఉండిపోకండి. పక్కకు ఆపాక మళ్లీ పట్టింది కదా అని బయల్దేరకండి.

పాత ఆయిల్‌ను మోరీలో, మట్టిలో పోయకండి. సీసాలో మూతపెట్టి, పేరు రాసి, పాత ఇంజిన్ ఆయిల్ తీసుకునే గ్యారేజీలో అడిగి విడిగా ఇచ్చేయండి.

ఆఖరుగా చిన్న పని. ఈ రోజు తేదీ, పోసిన ఆయిల్ డాట్ నంబర్ ఒక స్టిక్కర్ మీద రాసి సీటు కింద అంటించండి. మా తమ్ముడు అలాగే రాశాడు. పక్కనే రెండేళ్ల తర్వాతి తేదీ కూడా వేశాడు. గల్లీలో వాడు బండి పదిసార్లు ఆపి చూపిస్తుంటే అమ్మీ గడపలో నిలబడి లెక్కపెట్టింది. మరుసటి వారం ఆస్పత్రికి వాడి వెనకే కూర్చుని వెళ్లింది.